షాహిస్తా సబ్‌మెరైన్‌లో వంటవాడు

నాకు భయం ఎక్కువ. ఆ సంగతి మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పడుకునే కుక్కకి కూడా తెలుసు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, నిల్వ చేసే ఆ కోల్డ్ స్టోరేజీలో నేను పంతొమ్మిదేళ్ళుగా గుమాస్తాని. టిక్కీలు లెక్కపెట్టి నంబర్లు వేయడం, పనివాళ్ళ హాజరు పుస్తకం రాయడం నా పని. అక్కడ చల్లదనం పుట్టించేది అమ్మోనియా గ్యాసు. అది పైపుల్లో ఉన్నంతసేపు ఫరవాలేదు. బయటికొస్తే కళ్ళు పోతాయని, ఊపిరితిత్తులు కాలిపోతాయని చేరిన మొదటిరోజే ఓ పుణ్యాత్ముడు నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పినాయన హాయిగా రిటైరైపోయాడు. నేను మాత్రం ఇప్పటికీ గాలి వాసన చూసుకుంటూ తిరుగుతున్నాను.

చెప్పాల్సింది నా గురించి కాదు, షాహిస్తా గురించి. చిలకలూరిపేటలో పరుపులు కుట్టే హుస్సేన్ సాహెబ్ కూతురు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, మూడేళ్ళ క్రితం మా మెషిన్ రూముకి ఇన్‌ఛార్జిగా వచ్చింది. ఆడపిల్లకి మెషిన్ రూమేమిటని టిక్కీలు మోసే ముఠావాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆపరేటర్లు ముగ్గురిలో పెద్దవాడు కోటేష్ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఓ మధ్యాహ్నం మెషిన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపు ఆగిపోబోతే, అందరికంటే ముందు దాని మోత మారడం విని పరుగెత్తింది ఆమే. ఆ సాయంత్రం నుంచి కోటేష్ నోటివెంట "మేడం" అన్న మాట మనస్ఫూర్తిగా వచ్చింది.

ఆమెకున్న ఒకే ఒక్క పిచ్చి సబ్‌మెరైన్ గేము. అన్నం తిన్నాక అరగంట తన పాత లాప్‌టాప్ ముందు కూర్చుని, సముద్రం అడుగున పడవ నడిపేది. యుద్ధాలూ పేలుళ్ళూ ఉంటాయేమోనని నేను తొంగి చూశాను. అలాంటివేమీ లేవు. మనుషుల జాబితా, ఎవరు ఏ పూట కాపలా, ఎవరు ఏ పూట నిద్ర, అంతే. ప్రతి పేరు పక్కనా ఓ గీత. మనిషి అలిసేకొద్దీ అది పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది.

"ఇదేం ఆటమ్మాయ్? నేను రోజూ రాసే హాజరు పుస్తకమేగా!" అన్నాను.

"అదే బాబాయ్. శత్రువుల చేతిలో మునిగిన పడవలు తక్కువ. ఇంజను దగ్గరోడు కునుకు తీస్తే మునిగినయ్యే ఎక్కువ."

ఆ పడవలో మనుషులకి మా వాళ్ళ పేర్లే పెట్టింది. ఇంజను దగ్గర కోటేష్, యలమంద, ఉస్మాన్. బరువులెత్తడానికి ముఠా మేస్త్రి బుల్లయ్య. నన్ను వంటవాణ్ణి చేసింది. టీ కాచడం కూడా రాని మనిషినని మా ఆవిడ పున్నమ్మ పడీ పడీ నవ్వింది గానీ, నాకు లోపల సంతోషంగానే ఉండేది. "ఇవాళ నా వంట ఎలా ఉందమ్మాయ్?" అని అడక్కుండా ఆ గది దాటేవాణ్ణి కాదు.

మొన్న మే నెలలో యలమంద భార్యకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పుట్టిల్లు దర్శి. కబురు రాగానే యలమంద బయల్దేరాడు. అతనిది రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీ. కోటేష్‌ది ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా.

"యలమంద బదులు నేను నిలబడతా బాబాయ్. వాడి పేరే వెయ్యి. పాపం, సెలవులన్నీ ఎప్పుడో అయిపోయినయ్యంట. మేడంకి చెప్పమాక" అన్నాడు కోటేష్.

మా దగ్గర ఇది కొత్త కాదు. ఒకడికి అవసరమొస్తే ఇంకొకడు నిలబడతాడు, పుస్తకంలో మాత్రం రానివాడి పేరే పడుతుంది. పంతొమ్మిదేళ్ళలో ఇలా ఎందరి పేర్లు రాశానో! నాకది ధర్మకార్యంలాగే తోచేది. నాలుగు రాత్రులూ గుండ్రటి అక్షరాలతో "యలమంద" అని రాశాను. ఆ నాలుగు రాత్రులూ నిలబడింది కోటేష్. పొద్దున్నే తన డ్యూటీ కూడా చేసి, రెండింటికి ఇంటికెళ్ళేవాడు. రేకుల ఇల్లు, నిప్పులు చెరిగే ఎండ. ఏం పడుకుంటాడు?

షాహిస్తా తొమ్మిదింటికి వచ్చేది. మూడోరోజు అతని మొహం చూసి, "కళ్ళేంటి కోటేష్, అంత ఎర్రగా ఉన్నయ్?" అని అడగనే అడిగింది.

"మిర్చి ఘాటు మేడం" అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? మా దగ్గర కళ్ళు ఎర్రబడనివాడు ఎవడు? ముఠావాళ్ళకీ, నాకూ, ఆమెకీ కూడా రోజంతా కళ్ళు మండుతూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆ మాట విన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. హాజరు పుస్తకంలో తల దూర్చాను.

ఐదోరోజు గురువారం. పొద్దున టీ తాగుతూ కోటేష్ గ్లాసు జారవిడిచాడు. "మధ్యాహ్నం నూనె తియ్యాలి బాబాయ్, మేడం నాకే వేసింది" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. సరేలే అని నేను కాటా దగ్గరికి వెళ్ళిపోయాను.

పన్నెండున్నరకి షాహిస్తా గదిలోకి తొంగి చూశాను. ఎప్పటిలాగే వంట సంగతి అడిగాను.

"వంట బాగానే ఉంది గానీ నిన్న పడవ మునిగింది బాబాయ్."

"అదేం?"

"కోటేష్ నా దగ్గరున్నోళ్ళలో పనిమంతుడు. ఎక్కడ కష్టమొస్తే అక్కడ వాణ్ణే నిలబెట్టా. గీత ఎర్రబడింది, చూస్కోలా. పనిమంతుడు కదా, వాడికేం అవుద్దిలే అనుకున్నా." లాప్‌టాప్ మూసి నవ్వింది. "గేమే నయం బాబాయ్. గీతైనా చూపిస్తది."

నేను నవ్వలేకపోయాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ముందు తేలేది నా రాతే. "లోపల టిక్కీలు తీస్తున్నారు, వెళ్ళొస్తా" అని జారుకున్నాను.

చాంబర్ అంటే కిటికీల్లేని పెద్ద చీకటి గది. నాలుగు అంతస్తుల ఎత్తున చెక్కల మీద టిక్కీలు, సన్నటి చెక్కమెట్లు, బయటికి ఒకటే తలుపు. ఆ తలుపు తీస్తే మెషిన్ రూము పక్కనుంచే దారి. బుల్లయ్య ముఠా తొమ్మిదిమంది మూడో అంతస్తులో టిక్కీలు దింపుతున్నారు. నేను నంబర్లు చదువుతున్నాను. ఒకే నంబరు రెండుసార్లు చదివాను.

నూనె తీయడమంటే ఏమిటో నాకు తెలుసు. మెషిన్‌లో పోసే నూనె గ్యాసుతో కొట్టుకుపోయి ఓ డ్రమ్ము అడుగున చేరుతుంది. వారానికోసారి కింది వాల్వు కాస్తంత తిప్పి దాన్ని డబ్బాలోకి వదలాలి. నూనె అయిపోతోందనగానే కట్టెయ్యాలి. కట్టకపోతే నూనె వెనకే గ్యాసు తన్నుకొస్తుంది. ఆ కొద్దిసేపూ అక్కడున్నవాడు కళ్ళార్పకూడదు. ఇవాళ అక్కడున్నవాడు కోటేష్.

"ఏవయ్యా ఆదెయ్యా, నంబరు చెప్పవేం? మళ్ళీ వాసనొస్తందా?" బుల్లయ్య ఎకసెక్కమాడాడు. ముఠా అంతా గొల్లుమంది.

ఆ రోజు ఏ వాసనా లేదు. అయినా నా కాళ్ళు నా మాట వినలేదు. కాగితాలు అక్కడే పడేసి, మెట్లు పట్టుకుని దిగాను. ఓ మెట్టు తప్పి మోకాలు కొట్టుకుంది. కోటేష్ మీద ప్రేమతో దిగానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ అబద్ధం. నేను చచ్చిపోతానని దిగాను. పైన తొమ్మిదిమంది ఉన్నారని, వాళ్ళకో మాట చెప్పాలని కూడా తట్టలేదు.

షాహిస్తా గదిలో పడ్డాను. "అమ్మాయ్, కోటేష్ నాలుగు రాత్రుల్నించి పడుకోలా. యలమంద ఊళ్ళో లేడు. రాత్రి డ్యూటీ చేసేది కూడా వాడే."

ఆమె మొహంలో రక్తం ఇంకిపోవడం నా కళ్ళారా చూశాను. "ముఠా ఎక్కడుంది?" అంది.

"చాంబర్లో. మూడో అంతస్తు."

"బయటికి పిలువు." అంటూనే బిందెలో చున్నీ ముంచి మొహానికి చుట్టుకుంది. పరుగెత్తింది.

నేను చాంబర్ తలుపు దగ్గర నిలబడి అరిచాను. పంతొమ్మిదేళ్ళుగా నా భయాన్ని చూసి నవ్విన బుల్లయ్య, ఆ అరుపు విని నవ్వలేదు. ఒక్కొక్కడే దిగుతున్నారు. అక్కణ్ణించి మెషిన్ రూము తెరిచిన తలుపులోంచి కనిపిస్తోంది.

కోటేష్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెకి ఆనింది. చెయ్యి మాత్రం వాల్వు మీదే ఉంది. డబ్బాలోకి నల్లటి నూనె సన్నగా పడుతోంది. చూస్తుండగానే ఆ ధార తెగి, నురగ కక్కింది. పైపు మీద తెల్లటి మంచు పాకడం మొదలైంది.

షాహిస్తా అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి అతను వాల్వు ఏ వైపు తిప్పేవాడో! నిద్రపోతున్న పసివాడి దగ్గరికి వెళ్ళినంత మెల్లగా వెళ్ళి, అతని చేతి మీద తన చెయ్యి వేసి, రెండు చేతులూ కలిపి వాల్వు కట్టేసింది. అప్పుడు వచ్చింది, అప్పటికే బయటపడ్డ గ్యాసు వాసన. ముక్కులోంచి నెత్తిలోకి మేకు దిగినట్టయింది. కళ్ళు మూసుకుపోయాయి. లోపల కోటేష్ దగ్గు, ఆమె దగ్గు వినిపించాయి. ఎవరిది ఆగిపోతుందోనని నేను గోడకి అతుక్కుపోయి ఏడ్చాను. ఆమెని వదిలేసి పారిపోలేదు, నిజమే. కాళ్ళు కదలలేదు.

చివరికి ఆమే అతని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. బుల్లయ్య బిందెలకొద్దీ నీళ్ళు వాళ్ళ కళ్ళలో పోశాడు. ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్తే, పెద్ద ప్రమాదం తప్పిందన్నారు. ఆటోలో కోటేష్ ఏడుస్తూనే నిద్రపోయాడు.

మర్నాడు షాహిస్తా హాజరు పుస్తకం తెమ్మంది. కళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. పేజీ తిప్పి, నాలుగు రాత్రుల మీదా వేలు పెట్టింది.

"ఈ రాత ఎవరిది?"

"నాదేనమ్మాయ్."

"గురువారం నూనె ఎవరికెయ్యాలా అని ఇదే ముందేసుకుని కూర్చున్నా. కోటేష్ రోజూ రాత్రుళ్ళు ఇంట్లోనే పడుకుంటున్నాడు, వాడైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడని వాడి పేరేశా." పుస్తకం మూసింది. "నన్నడిగితే యలమంద బదులు నేనే నిలబడేదాన్ని కదా బాబాయ్."

తిట్టి ఉంటే బాగుండేది. పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చాను.

యలమంద ఆడపిల్ల పుట్టిందని మిఠాయి పట్టుకొచ్చాడు. జరిగింది విని ఆ పొట్లం విప్పలేక టేబుల్ మీద పెట్టేశాడు. ఆ వారం నుంచి నూనె దగ్గర ఇద్దరు. డ్యూటీ ఎక్కే ప్రతివాడూ ఎన్ని గంటలు పడుకున్నాడో ఆమెకి చెప్పి ఎక్కాలి. ఆమె లేని వేళల్లో ఫోన్ చేసి చెప్పాలి. కాపురం సంగతులు కూడా చెప్పాలా అని ఉస్మాన్ గొణిగాడు గానీ, చెబుతున్నాడు.

ఇరవై రోజుల తర్వాత మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది. నేను అలవాటుగా తొంగి చూశాను. కోటేష్ ఉన్నాడు, యలమంద ఉన్నాడు, ఉస్మాన్ ఉన్నాడు. వంటగదిలో బుల్లయ్య ఉన్నాడు. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాను. నా పేరు లేదు. యాభై ఆరేళ్ళ మనిషిని, ఓ ఆటలో పేరు లేదని మూడోసారి కూడా వెతికాను. ఎందుకని అడగలేదు.

మర్నాడు పొద్దున ఆమె గది ముందు నిలబడ్డాను. చాంబర్లోకి వెళ్ళేవాళ్ళు కూడా నిద్ర సంగతి చెప్పాలిప్పుడు.

"నువ్వెన్ని గంటలు బాబాయ్?"

'ఏడు' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ అదే చెబుతున్నాను.

"రెండు" అన్నాను. "ఆ రోజు నుంచీ ఇంతే. కళ్ళు మూస్తే ఆ తెల్లటి పైపే కనపడతంది. ఇన్నాళ్ళూ నీకు ఏడని అబద్ధం చెప్పా."

కలం ఆపి, చాలారోజుల తర్వాత నా మొహంలోకి చూసింది. నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎందుకని అడగలేదు. రెండు అని రాసుకుంది.

"ఇవాళ చాంబర్లోకి వద్దు. ఇంటికెళ్ళి పడుకో బాబాయ్" అంది.