తెల్లగీత పడిన సీసా

చిటికెల పిన్నికి ఆ పేరు పెట్టింది ఆమె తిరిగే ఏడు వీధుల వాళ్లే. చెత్తలోంచి తీసిన ప్రతి ప్లాస్టిక్ సీసానూ గోటితో మీటి, ఆ చప్పుడు విన్నాకగానీ బండిలో వెయ్యదు. ఇరవై ఆరేళ్లుగా అదే తోపుడుబండి. మొగుడు పోయిన వారానికే మళ్లీ దాన్ని పట్టుకుని రోడ్డెక్కింది. ఆ బండే లేకపోతే ఆమె కూడా ఎప్పుడో మట్టిలో కలిసిపోయేది.

అలాంటి మనిషి నోటి దగ్గర కూడు లాగెయ్యడానికి మున్సిపాలిటీకి ఒక్క కాగితం చాలింది. ఇకమీదట లైసెన్సు ఉన్న కంపెనీయే చెత్త ఎత్తాలట. విడిగా తిరిగేవాళ్ల బండ్లు జప్తు చేస్తారట. అయితే కంపెనీకీ ఒక పరీక్ష పెట్టారు. అందరి ముందూ ఒక బస్తా చెత్తను తప్పు లేకుండా వేరు చేసి చూపించాలి. తప్పితే ఏడాది దాకా పాతవాళ్లే తిరగొచ్చు.

పరీక్ష రోజు పిన్నీ, అదే పని చేసే ఆమె తోటికోడలూ కంపెనీ గోడవారన నిలబడ్డారు.

"వీళ్ల మొహాలకి ప్లాస్టిక్ ఏదో, అట్ట ఏదో తెలుసా? చూస్తూ ఉండు, బొక్కబోర్లా పడతారు," అంది తోటికోడలు.

నిజంగానే పడ్డారు. కొత్త గ్లవుజుల కుర్రాళ్లు మూడు నూనె సీసాలను నీళ్ల సీసాల కుప్పలో పడేశారు. తోటికోడలు సంతోషం పట్టలేక పిన్ని చెయ్యి పట్టుకోబోయింది. ఆ చెయ్యి అక్కడ లేదు.

పిన్ని అప్పటికే కుప్ప ముందు కూర్చుని ఆ మూడింటినీ ఏరింది. ఒకదాన్ని మడిచి, మడత మీద పడిన తెల్లగీత చూపించింది.

"ఇది వేరే రకం నాయనా. ఒక్కటి కలిసినా కరిగించేటప్పుడు బస్తా మొత్తం నల్లబడిపోద్ది."

"మా మనిషే సార్," అన్నాడు మున్సిపాలిటీ ఆఫీసరుతో కంపెనీ సూపర్‌వైజరు, క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా.

"నేను వీళ్ల మనిషిని కాదు సార్," అంది పిన్ని.

ఆఫీసరు ఆమె మాసిన చీర చూశాడు, వాచీ చూసుకున్నాడు. "కుప్ప సరిగ్గా ఉంది కదమ్మా, మాకు కావాల్సింది అదే," అని 'తప్పుల్లేవు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఆ చేతులు కొంగుకి కట్టేసుకోవాల్సింది," అంది దారిలో తోటికోడలు.

"తప్పు కుప్ప చూస్తూ ఎలా కూర్చుంటానే?"

"ఇప్పుడు కూర్చుందువుగాని, తీరిగ్గా."

పిన్ని పని అడగడానికి కంపెనీకి వెళ్లింది. "నలభై దాటినవాళ్లని తీసుకోకూడదు పిన్నీ. రూలు మాది కాదు, మున్సిపాలిటీది," అన్నాడు సూపర్‌వైజరు. వెనక్కి తిరగ్గానే మళ్లీ పిలిచాడు. "ఆ తెల్లగీత సంగతి మావాళ్లకి ఇంకోసారి చెప్పి వెళ్లు." సిగ్గులేని మనిషి అడిగాడు. ఈ పిచ్చితల్లి చెప్పి వెళ్లింది.

తొమ్మిదో రోజున ఆమె వీధిలోనే మున్సిపాలిటీవాళ్లు బండిని పట్టుకుని కంపెనీకి తోలుకుపోయారు. ఇరవై ఆరేళ్లు 'పిన్నీ' అని పిలిచినవాళ్లు మేడల మీంచి చూసి లోపలికి పోయారు.

ఆమె ఏడ్చుకుంటూ కంపెనీ గేటు దాకా వెళ్లింది. అప్పటికే ఇద్దరు బండిని ఇనుము కుప్ప మీదికి ఎత్తుతున్నారు.

"ఆగండి," అంది పిన్ని. "చక్రాలకి రబ్బరుంది. ఇనుములో కలవకూడదు."

"మాకు ఊడదీయడం రాదు. నువ్వే తీసిపెట్టు," అని బండిని ఆమె ముందు దించారు.

పిన్ని ముక్కు చీది, కింద కూర్చుని, రబ్బరు ఒక పక్కన, ఇనుము ఒక పక్కన పెట్టింది.