కండువా కింద ఘనా

ఆఫ్రికాలోని పాతకాలపు ఘనా రాజ్యాన్ని గుంటూరులో నా అంత దగ్గరగా చూసినవాడు లేడు. మిరప యార్డులో నేను కండువా కింద వేలు కదిపితే దేశమంతా రేటు కదిలేది.

కాస్త తగ్గిస్తాను. ఘనాను చూసింది మా మనవరాలి పుస్తకంలోని పటంలో. యార్డులో నేనొక చిన్న దళారిని. నా వేలికి కదిలింది ఎదురుగా ఉన్న బస్తాల రేటే, అదీ అప్పుడప్పుడూ.

మనవరాలికి ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగానికి డెమో క్లాసు పడింది. పాఠం ఘనా. పోయినసారి "క్లాసు చప్పగా ఉంది" అని పంపేశారు. ఈసారీ పోతే చరిత్ర మానేసి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరతానంది. ముందురోజు సాయంత్రం మమ్మల్నిద్దరినీ వసారాలో కూర్చోబెట్టి పాఠం మొదలెట్టింది. మా ఆవిడ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఉత్తరాన ఉప్పు, దక్షిణాన బంగారం. రెండూ ఘనావాళ్లవి కావు. మధ్యలో కూర్చుని, వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా సుంకం తీసుకుని ఎదిగారు."

"అచ్చం మేమే!" అన్నాను.

"ఉప్పు వర్తకులు సరుకు ఏటి గట్టున పెట్టి దూరంగా పోయేవాళ్లట. అవతలివాళ్లు వచ్చి పక్కన బంగారం పెట్టి తప్పుకునేవాళ్లట. నచ్చితే బంగారం తీసుకోవడం, లేకపోతే ఆగడం. మాటల్లేవు తాతయ్యా."

నేను తన చేతి మీద కండువా కప్పి, లోపల మూడు వేళ్లు పట్టుకున్నాను. యార్డులో మా బేరం అదే. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత రేటు, పక్కవాడికి తెలియదు, నోరు విప్పకూడదు.

"చక్కిలిగిలి పెట్టకు తాతయ్యా!"

"ఇది చేసి చూపించు, ఒక్కడు నిద్రపోతే చూడు."

"బాగుంది. మరి ఆ రాజ్యం ఎందుకు పడిపోయింది?" అంది మా ఆవిడ.

నేనే అందుకున్నాను. "ఎడారి నుంచి గుర్రాలొచ్చాయి. ఒక్క పూటలో రాజధాని బూడిద. నా వ్యాపారమూ అంతే. కంప్యూటర్ వేలం వచ్చింది, తెల్లారేసరికి నేను లేను."

మనవరాలు పుస్తకం తిప్పింది. "దాడి సంగతి గట్టిగా చెప్పలేమంటున్నారు. తూర్పున కొత్త బంగారు గనులు దొరికాయి, ఒంటెల బిడారులు దారి మార్చాయి, వానలు తగ్గాయి, సామంతులు విడిపోయారు. ఇదంతా చెబితే మళ్లీ చప్పగా ఉందంటారు. గుర్రాలే చెప్పనా నానమ్మా?"

మా ఆవిడ తొడిమలు తీస్తూనే అంది.

"గుర్రాలూ వద్దు, కంప్యూటరూ వద్దు. కంప్యూటర్ రాకముందే కనిగిరి వైపు వ్యాపారులే కల్లాల దగ్గరికి వెళ్లి సరుకు కొనడం మొదలైంది. రైతులు ఈయన దగ్గరికి రావడం మానేశారు. ఈయన మాత్రం రోజూ ఇస్త్రీ కండువా వేసుకుని పోయి కూర్చునేవారు, దాని కింద పెట్టడానికి ఎవరి చెయ్యీ లేకుండా. అది చెప్పు, ఎవరు చప్పగా ఉందంటారో చూద్దాం."