పింజరి కాటు, ఓబుళరెడ్డి జీపు

తొలకరి కురిసిన మరునాటి పొద్దున, నోట్లో రక్తపు రుచి తగిలేసరికి నాకేదో అవుతోందని తెలిసింది.

పెద్దముడియం దగ్గర కప్పల మీద, పాముల మీద పరిశోధన చేసే కేంద్రంలో నేను పని చేసేదాన్ని. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాను, గుట్టల్లో దారులు తెలుసని తీసుకున్నారు. నేలలో పాతిన బకెట్లలో పడిన కప్పలను కొలిచి మళ్లీ వదిలేయడం మా పని. ఆ పొద్దున బకెట్ పక్కన రాయి జరుపుతుంటే వేలు చురుక్కుమంది. కింద రక్తపింజరి.

"కదలొద్దు లక్ష్మీ" అంటూ కేంద్రం నడిపే మా సార్ నా గాజులు తీయించి, చెయ్యి కదలకుండా అట్ట కట్టారు. అప్పటికే చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

అవి పార్టీ గొడవల రోజులు. ముందురోజే పక్క ఊళ్లో ఒకాయన్ను నరికారు. బస్సులు లేవు. దగ్గర్లో ఉన్నది ఓబుళరెడ్డి జీపు ఒక్కటే. ఆయనది మా వాళ్లకు ఎదుటి పార్టీ. అయినా సార్ అడగ్గానే వచ్చాడు. మా ఊరి మీదుగానే పోవాలి. ఊరి మొదట్లో ఎదుటి పార్టీ జీపని కట్టెలతో మనుషులు అడ్డం నిలబడ్డారు. అందరికంటే ముందు మా అన్న.

"ఏంది రెడ్డీ, యాడికి పోతాండావు?"

"నీ చెల్లెల్ని పాము కరిసిందప్పా. ప్రొద్దుటూరుకు పోతాండాం. కొట్టాలనుకుంటే వచ్చేటప్పుడు కొట్టు."

అన్న నా వాచిన చేతిని చూశాడు. కట్టె పారేసి జీపెక్కాడు.

"పోనీ రెడ్డీ. నేనుంటే ఎవురూ ఆపరు."

ఆసుపత్రిలో నా రక్తం గాజు గొట్టంలో పోసి చూశారు. గడ్డ కట్టలేదు, అంటే విషం ఎక్కినట్టే. విషానికి విరుగుడైన యాంటీ వీనమ్ ఎక్కించారు. "మీరేమవుతారు?" అని డాక్టర్ అడిగితే, "మా ఇంటి ఆడబిడ్డే సారూ" అన్నాడు రెడ్డి.

గండం గడిచిందనుకుంటుండగా ఒంటేలు, అంటే మూత్రం, ఆగిపోయింది. "కిడ్నీలు సరిగా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోందమ్మా. డయాలసిస్ చేద్దాం, కిడ్నీలు తేరుకుంటాయి" అన్నారు డాక్టర్. ఆ మాట నమ్మలేక గోడ వైపు తిరిగి ఏడ్చాను. కొన్నాళ్లు డయాలసిస్ మీదే గడిచాయి. చివరికి ఒక పొద్దున ఒంటేలు వచ్చిందని నర్సుతో చెబితే, "వచ్చెనంట!" అని మా అన్న వార్డంతా వినబడేట్టు అరిచాడు. సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని నవ్వాను.

ఇప్పుడు బాగున్నాను. అదే పనిలో ఉన్నాను. రాయి కదపాలంటే కొక్కెం కర్రతోనే. అన్న, రెడ్డి ఒకటయ్యారని చెప్పలేను. ఎన్నికలొస్తే ఎవరి జెండా వాళ్లదే. కానీ ఎదురుపడితే "చెల్లెలు బాగుండాదా?" అని రెడ్డి అడుగుతాడు. అన్న ఆగి బదులు చెబుతాడు.

నేను చెప్పేది ఒకటే. పాము కరిస్తే కోయకండి, తాడుతో బిగించకండి, మంత్రాల దగ్గర పొద్దు పోగొట్టకండి. కరిచిన చోటు కదలకుండా ఉంచి, దొరికిన బండెక్కి, యాంటీ వీనమ్ ఉన్న ఆసుపత్రికి నేరుగా పోండి.