చక్కెర లేని మిఠాయి డబ్బా

మా అత్తకు షుగరు ఉందని మొదట చెప్పింది నేనే. మా ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. ఇంటింటికీ తిరిగి, వేలికి సూది గుచ్చి, నెత్తుటి చుక్క తీసి చిన్న యంత్రంలో అంకె చూసి చెప్పడం నా పనుల్లో ఒకటి. ఆ రోజు ఊరంతా తిరిగొచ్చాక పరీక్ష పట్టీ ఒకటి మిగిలింది. పెరట్లో ఎండు చేపలు తిరగేస్తున్న అత్తను పిలిచి ఆమె వేలికీ గుచ్చాను. మూడు వందలు దాటింది.

"ఏటే, మొకం అలగెట్టినావు?" అంది.

"నీకు షుగరొచ్చింది అత్తా."

"వస్తే వచ్చింది. దానికోసం సేపలమ్మడం మానేస్తానేటి?" అని చెయ్యి దులుపుకుని మళ్లీ చేపల దగ్గరికి పోయింది.

అప్పటికి ఆమెకు అరవై దాటాయి. వారానికి మూడు రోజులు ఎండు చేపల గంప ఎత్తుకుని ఊళ్లోంచి ఆటోలో హైవే దాకా, అక్కణ్ణించి బస్సులో చీపురుపల్లి మార్కెట్‌కు వెళ్లేది. మా మామ పోయినప్పుడు ఆమె ఒళ్లో రెండేళ్ల కొడుకు ఉన్నాడట. ఆ కొడుకే మా ఆయన. అతన్ని పెంచింది, పక్కా ఇల్లు కట్టింది ఆ గంపతోనే. మార్కెట్లో ఆమె కూర్చునే చోట ఇంకెవరూ కూర్చునేవారు కాదు. కూర్చుంటే ఆమె నోటికి బజారంతా వినపడేది.

తీపంటే ఆమెకు ప్రాణం. మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు కొంగున బెల్లం జీళ్లు కట్టుకొచ్చి, సగం దారిలోనే తినేసేది. షుగరు అని తేలాక ఆసుపత్రిలో మాత్రలు రాయించి, తీపి అంతా బంద్ చేశాను. జీళ్లు లేవు, టీలో చక్కెర లేదు, రాత్రిపూట అన్నం బదులు గంటి జావ, అదే సజ్జల జావ. నెల్లాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మార్కెట్లో దొంగచాటుగా మైసూర్‌పాక్ తింటోందని తోటి చేపల మనిషి ఒకామె నాకు చెప్పింది.

అప్పుడే శ్రీకాకుళంలో ఒక పెద్ద దుకాణంలో ఆ డబ్బా చూశాను. చక్కెర లేని మిఠాయి. షుగరు ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చని దాని మీద రాసి ఉంది. అలాంటివే బిస్కెట్లు కూడా ఉన్నాయి. రెండూ తెచ్చాను. అత్త ఒక ఉండ నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"ఇది అచ్చం లడ్డూలాగే ఉన్నాదే! దీనికి షుగరు రాదేటి?"

"రాదు."

"మరిన్నాళ్లూ ఎందుకు తేలేదే, పాపిష్టిదానా!" అని నవ్వింది. నెల్లాళ్ల తర్వాత అదే ఆమె నవ్వడం.

రోజూ పొద్దున నాలుగు బిస్కెట్లు, మధ్యాహ్నం, సాయంత్రం రెండేసి ఉండలు. మూడు నెలల్లో షుగరు దిగింది. మండలం మీటింగులో మా అత్త గురించి చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఎందుకంటే అత్త అప్పటికే చెప్పింది. ఒకరోజు సాయంత్రం గంప దించి, కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"ఒసే, ఆ ఉండలు తిన్నకాణ్ణించి కడుపులో గుడగుడలాడతన్నాది. రోజుకి నాలుగుసార్లు దొడ్డికి ఎల్లాల్సి వస్తన్నాది."

నేను చేస్తున్న పని ఆపలేదు. "అదేటి కాదత్తా. నీసు సేతుల్తో బజార్లో ఏటేటో తింటావు. ఆ నీళ్లు తాగుతావు. మిఠాయి మీద పడతావేటి?"

ఆమె లేచి గంప లోపల పెట్టుకుంది. ఆరోగ్యం సంగతి నాకు తెలుసని నమ్మింది. ఊరంతా నమ్మేది.

తర్వాత నెలలో బస్సులో జరిగింది. ఆ సాయంత్రం గంపను ఇంకొకామె తెచ్చి మా ఇంట్లో దించింది. "మీ అత్త మద్దెలో బస్సు దిగిపోయినాదమ్మా. డ్రైవరు ఆపనంటే కాళ్లు మొక్కినాది. ఆపేసరికే..." అని మాట పూర్తి చేయకుండా వెళ్లిపోయింది.

దీపాల వేళకు అత్త నడిచి వచ్చింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఎవరిదో పొలంలో బోరు దగ్గర కూర్చుని కడుక్కుందట. ఇంట్లోకి రాకుండా పెరటి గోడ వెనకే నిలబడి, "ఏరే సీర పడీ," అంది. చీర ఇచ్చాక గోడ అవతలి నుంచే అంది, "అందరూ ముక్కులు మూసుకున్నారే. సేపల కంపని అనుకుంటారనుకున్నాను. కాదు. తెలిసిపోయినాది."

ఆ తర్వాత ఆమె చీపురుపల్లి వెళ్లలేదు. ఇవాళ వద్దు, వచ్చే వారం వెళ్తానంటూ రెండు నెలలు గడిపింది. ఆమె చోట్లో ఇంకెవరో కూర్చుంటున్నారని కబురొచ్చింది. మామూలుగా అయితే గంప అక్కడే పడేసి పోట్లాటకు బయల్దేరేది. ఆ రోజు విని, తల గోడకు ఆనించి ఊరుకుంది.

నేను ఆసుపత్రుల చుట్టూ తిప్పాను. మా ప్రాథమిక ఆసుపత్రి డాక్టరు విరేచనాలకు మందులిచ్చాడు. తగ్గలేదు. షుగరు మాత్ర వల్ల కూడా కొందరికి ఇలా అవుతుందని మాత్ర మార్చాడు. విరేచనాలు ఆగకపోగా షుగరు పెరిగింది. అది పెరగడం చూసి నేను పథ్యం ఇంకా గట్టి చేశాను. అన్నం తగ్గించాను. ఆకలేస్తే అవే బిస్కెట్లు పెట్టాను.

పట్నంలో పెద్ద డాక్టరు అడిగాడు, "ఏం తింటుందమ్మా?"

"షుగరు పథ్యం సార్. చక్కెర అసలు ముట్టదు," అన్నాను గొప్పగా.

ఆయన తలూపి, పేగుల్లో కెమెరా పెట్టి చూసే పరీక్ష రాశాడు. దానికోసం అత్తకు ముందురోజంతా కడుపు కడిగే మందు తాగించారు. ఆమె అప్పటికే పుల్లలా అయిపోయింది. పరీక్షలో ఏమీ తేలలేదు. గుజరాత్ తీరంలో బోట్ల మీద పనిచేసే మా ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. "కేన్సరేటి కాదు కదా? నా దగ్గర దాయకు," అనేవాడు. పోయిన కబురు వినాల్సి వస్తుందేమోనని, నేను హలో అనకముందే "అమ్మెలాగున్నాది?" అని అడిగేవాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం నేను ఊళ్లోకి వెళ్లినప్పుడు అత్తకు మళ్లీ కడుపులో తిప్పింది. మా మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. తుప్పర పడుతోంది. పరుగున వెళ్తూ పాచి పట్టిన నాపరాయి మీద జారి పడింది. నేను వచ్చేసరికి బురదలో పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. నొప్పితో ఏడవాల్సిన మనిషి, ముందు ఒక్కమాట అడిగింది. "ఎవులైనా సూసినారేటే?"

ఆపరేషనుకు, ఆ తర్వాతకు కలిపి పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. వాళ్లిచ్చిన అన్నం, పప్పు, మజ్జిగ, ఒక గుడ్డు తిన్నది. ఆ పద్నాలుగు రోజుల్లో ఆమెకు ఒక్క విరేచనం కాలేదు. ఆసుపత్రి మందులు బాగా పనిచేశాయనుకున్నాను. ఇంటికి తెచ్చిన రోజు, పాపం ఇన్నాళ్లు నోరు చప్పబడిపోయి ఉంటుందని, దారిలో దిగి కొత్త డబ్బా కొన్నాను. తల కింద చెయ్యి పెట్టి లేపి, నా చేత్తో తినిపించాను.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మొదలైంది. లేవలేదు, పక్కకు తిరగలేదు. మూడుసార్లు పక్క గుడ్డలు మార్చాను. మూడోసారి ఆమె మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నన్నలగే ఒగ్గియ్యే. కడగకు," అంది.

నూతి దగ్గర ఆ గుడ్డలు ఉతుకుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఆసుపత్రిలో లేనిది, ఇంట్లో ఉన్నది ఏమిటి? మందులన్నీ అవే. నీళ్లు కాచినవే. లోపలికి వెళ్లి డబ్బా తిప్పి చూశాను. వెనక చీమ తలకాయలంత అక్షరాలు. ఫోను కెమెరాతో పెద్దవి చేసి, నాకొచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. మాల్టిటాల్, సార్బిటాల్ అని ఉంది. ఆ కింద ఒక వాక్యం, ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చు అని. బిస్కెట్ల ప్యాకెట్టు తీశాను. దాని మీదా ఆ మాటే ఉంది. పది నెలలుగా ఆ డబ్బాలు నా అల్మారాలోనే ఉన్నాయి.

రెండూ పెంటలో పారేశాను. మూడో రోజుకు కడుపు నిమ్మళించింది.

కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పాను. చక్కెర బదులు తీపి కోసం వేసే ఇలాంటివి పేగుల్లో పూర్తిగా ఇంకవని, నీళ్లను లాగుతాయని, కొందరికి కొంచెం తిన్నా పడవని ఆయన చెప్పాడు. "పేరు చివర 'ఆల్' అని ఉంటే చూసుకోండి. స్టీవియా, అదే తీపి ఆకు పొడి అని అమ్మేవాటిలో కూడా ఒక్కోసారి ఇవి కలుపుతారు. టీలో వేసే తీపి మాత్రల్లో రకరకాలుంటాయి, వేస్తే ఒక్కటే వేసి నాలుగు రోజులు చూడండి. అన్నిటికంటే తీపి అలవాటే తగ్గించండి," అన్నాడు. ఈ మాటలన్నీ చెప్పడానికి ఆయనకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికి వచ్చి అత్త మంచం దగ్గర కూర్చున్నాను. "అత్తా, ఆ మిఠాయి వల్లే ఇదంతా. నాను తెచ్చినదాని వల్లే."

ఆమె కప్పు వైపు చూస్తూ ఉంది. "అప్పుడే సెప్పినాను కదేటే. నువ్వు ఇన్లేదు."

"తెలస్తే మరెందుకు తిన్నావు?"

"నువ్వు సదూకున్నదానివి. నాకేటి తెలస్తాదని తిన్నాను." మళ్లీ తనే అంది, "నువ్వు సేతిలో పెడితే కాదనలేకపోయినాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఊరంతా వినేలా ఆమె తిట్టగలదు. తిట్టలేదు. 

తీపి ఆకు పొడి ఒకటి, అందులో ఇంకేమీ కలపలేదని చదివి మరీ తెచ్చాను. టీలో కలిపి ఇస్తే గుక్క తాగి, చేదుగా ఉందని గ్లాసు పక్కన పెట్టేసింది. టీలో వేసే మాత్రలు తేవద్దంది. ఇప్పుడు చప్పటి టీయే తాగుతుంది. సాయంత్రం అర జామకాయో, గుప్పెడు ఉడికించిన శనగలో పెడతాను. షుగరు మరీ పెరగడం లేదు. కడుపు బాగుంది. తుంటి మాత్రం సరిగ్గా అతకలేదు. చేతికర్రతో గదిలోంచి అరుగు దాకా వస్తుంది, అంతే. చీపురుపల్లి మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. గంపను ఎండు చేపలమ్మే ఒక పిల్లకు ఇచ్చేసింది.

ఊళ్లో షుగరు ఉన్నవాళ్లకు ఈ సంగతి చెబుతున్నాను. కొందరు వింటారు. కొందరు, "నువ్వే కదమ్మా మీటింగులో మంచిదని సెప్పినావు?" అంటారు. అవును, నేనే చెప్పాను.

ఇప్పుడు నేను ఏ ప్యాకెట్టు తెచ్చినా అత్త తన మంచం దగ్గరికి తెమ్మంటుంది. "అందులో ఏటేటి ఉన్నాయో సదివి సెప్పు," అంటుంది. ఉప్పు ప్యాకెట్టయినా అంతే. మొన్న మజ్జిగ ప్యాకెట్టు తెచ్చాను. పైనించి కిందికి అంతా చదివాను. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి, ఏదైనా వదిలేస్తానేమోనని. ఆఖరి మాట దాకా విని, "మరేటీ లేదు కదా?" అని ఇంకోసారి అడిగింది. లేదన్నాను. అప్పుడు గ్లాసు అందుకుంది.