తమ్ముడికి సరిపోయే రక్తం

మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలిన కొన్ని నెలలకు, ఇక మందులు పనిచేయవని డాక్టర్ చెప్పింది. ఎముకల్లోని మూలుగు మార్చాలి. ఇచ్చేవాళ్ళ మూలుగు వాడి ఒంటికి సరిపోవాలి. తోబుట్టువుని నేనొక్కదాన్నే. నాది సరిపోలేదు. నాన్నకు డెబ్బై దాటాయి, గుండె ఆపరేషన్ కూడా అయింది కాబట్టి ఆయన పనికిరారన్నారు. అమ్మ లేదు.

"ఇక బయటివాళ్ళలో వెతకాలి. ఇది వంశాన్ని బట్టి వస్తుంది. మీ పూర్వీకులు ఎక్కడివాళ్ళు?" అని అడిగింది డాక్టర్.

చెప్పడానికి ప్రయత్నించాను. హైదరాబాదులో నిజాం దగ్గర ఆఫ్రికా వాళ్ళతో ఒక గుర్రపు దళం ఉండేది; వాళ్ళుండే పేటని ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అంటారు. నాన్న వాళ్ళ తాత అందులో సిపాయి. అమ్మది వనపర్తి పక్క తెలుగు కుటుంబం. మేం అమ్మతో తెలుగు, నాన్నతో సగం ఉర్దూ మాట్లాడేవాళ్ళం. రంగూ జుట్టూ మా ఇద్దరికీ నాన్నవే వచ్చాయి. మేమిద్దరం వలస వచ్చి ఉంటున్న నార్త్ యార్క్‌లో మమ్మల్ని చూసినవాళ్ళు జమైకా అనో సోమాలియా అనో అనుకుంటారు.

ఆమె ఓపిగ్గా విని, "ఆఫ్రికాలో ఏ ప్రాంతం?" అంది.

ఆసుపత్రి వరండాలోంచే హైదరాబాదులో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను.

"మా తాతని ఓడల తెచ్చిన్రంట బిడ్డా. అప్పుడు చిన్న పిలగాడంట. ఏ ఊరో ఆయనకే యాదికి లేకుండె. ఎందుకు అడుగుతున్నవ్?"

ఎందుకో చెప్పాను.

"తాతని ఇంకా గట్టిగ అడగాల్సి ఉండె నేను," అన్నారు.

మూలుగు దాతల రిజిస్ట్రీలో వాడికి సరిపోయే మనిషి ఒక్కరూ లేరు. ఆఫ్రికా వాళ్ళ పేర్లూ తక్కువే, మనవాళ్ళ పేర్లూ తక్కువే. రెండూ కలిసినవాళ్ళు ఇంకెంత మంది ఉంటారు? ఊరికే కూర్చోలేక దగ్గర్లోని మిల్టన్‌లో తెలుగువాళ్ళ కార్యక్రమానికి వెళ్ళి, హాలు గుమ్మం పక్కన బల్ల వేసుకున్నాను. పరీక్షకి బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఇస్తే చాలని వచ్చినవాళ్ళందరికీ తెలుగులో చెబుతున్నాను. ఒక పెద్దాయన ఆగి విన్నాడు.

"తెలుగు భలే మాట్లాడుతున్నారమ్మా. మీ హస్బెండ్ తెలుగా?"

"మా అమ్మ తెలుగండి."

"ఓ. నాన్నగారు ఇక్కడి బ్లాక్ ఆయనా?"

"హైదరాబాదే అంకుల్. ఏసీ గార్డ్స్."

హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడ్డాడు. "సారీ అమ్మా, నాకు తెలీదు," అంటూ లోపలికి వెళ్ళి, మైకు తీసుకుని కుర్రవాళ్ళని తనే పిలిచాడు. తెలంగాణ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు, షిఫ్టుకు టైమైపోతున్నవాళ్ళు కూడా, వచ్చి వరసలో నిలబడ్డారు.

మరుసటి ఆదివారం జమైకా వాళ్ళు ఎక్కువగా వచ్చే చర్చికి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ నా కథంతా విని ఇంగ్లీషులో, "మీవాళ్ళని బానిసలుగా అటు, మీ దేశం వైపు తీసుకుపోయారా?" అని అడిగింది. అటువైపు కూడా తీసుకుపోయారని ఆమె ఎప్పుడూ వినలేదట. మీ భాష ఏమైనా మిగిలిందా అంది. లేదు, పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా డప్పు ఒక్కటే మిగిలిందన్నాను. ఆమె తన మనవళ్ళని, మనవరాళ్ళని చెయ్యిపట్టి నా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

ఈ సంగతులన్నీ తమ్ముడికి చెప్పేదాన్ని. కీమోకి వాడి జుట్టంతా రాలిపోయింది.

"జుట్టు పోయాక నన్నెవరూ ఎక్కడివాడివని అడగట్లేదక్కా," అన్నాడు ఒకరోజు. నవ్వబోతే దగ్గు వచ్చింది. తరవాత కళ్ళు మూసుకుని, "మనలాంటోడు ఒక్కడన్నా ఉంటాడంటవా?" అన్నాడు.

"ఉంటాడురా," అన్నాను.

దూదిపుల్లల ఫలితాలు వచ్చాయి. ఎవరిదీ సరిపోలేదు. హైదరాబాదులో నాన్న తమ్ముడి పిల్లలకూ పరీక్షలు చేయించాం. అవీ సరిపోలేదు. మంచు ఇంకా కరగకముందే వాడు పోయాడు. ముస్లింల శ్మశానంలో మట్టి ఇస్తున్నప్పుడు నాన్న వీడియో కాల్‌లో ఉన్నారు. మిల్టన్ కుర్రాళ్ళు నలుగురు, చర్చి పెద్దావిడ మనవడు, మసీదు నుంచి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళు పెట్టె మోశారు.

"ఎవరు బిడ్డా వాళ్ళంతా?" అని అడిగారు నాన్న. ఫోన్‌ని వాళ్ళ మొహాల వైపు తిప్పాను.

పది రోజుల తరవాత ఆఫీసులో ఉండగా రిజిస్ట్రీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. సానుభూతి చెప్పి, మా తమ్ముడి పేరు మీద జరుగుతున్న వెతుకులాట ఆపేయడానికి నా అనుమతి కావాలంది.

"ఇంకొక్క వారం ఉంచండి," అన్నాను.

"కానీ మేడమ్, ఆయన..."

"తెలుసు. మాలాంటివాడు ఒక్కడన్నా ఉన్నాడేమో చూద్దాం. ఒక్క వారం."

సరే, ఉంచుతానందామె.