గడప బయటి బండ

నా చిన్నప్పుడు ఆదివారం వస్తే మా ఊరి పిల్లలందరూ చర్చి లోపల కూర్చునేవాళ్లు, నేను మాత్రం చర్చి బయట ఒక బండ మీద కూర్చునేదాన్ని. ఏదో తప్పు చేస్తే శిక్ష వేశారనుకునేరు. శిక్ష నాది కాదు, మా తాతది. ఆయనకు దాన్ని వేసింది కూడా వేరెవరో కాదు, ఆయనే. నేను ఆయన పక్కన ఇరుక్కున్నానంతే.

మాది గార్ల నుంచి మానుకోట పోయే రైలు పట్టాల పక్కన చిన్న ఊరు. మా తాత రైల్వే గ్యాంగులో పనిచేసి, ఎండకూ వానకూ ఆ పట్టాల మీదే ముసలివాడైన మనిషి. ఊళ్లో చర్చి కట్టినప్పుడు గంట కొనే స్తోమత ఎవరికీ లేదట. తాత పై అధికారిని బతిమాలి పనికిరాని పట్టా ముక్క ఒకటి అడిగి తెచ్చి, చర్చి వాకిట్లోని వేపకొమ్మకు ఇనుప తీగతో వేలాడదీశాడు. సుత్తెతో కొడితే అది దూరపు పొలాల దాకా వినిపించేది. ఆ రోజు నుంచి ఆదివారం గంట మా తాతదే. ఇంకొకరు ఆ సుత్తెను ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. జనం ప్రార్థనకు దేవుడు పిలిస్తే వస్తున్నారా, తాను పిలిస్తే వస్తున్నారా అన్న సంగతి ఆయన మనసులో కొంచెం కలగాపులగంగా ఉండేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా తాతకు గడియారం చూడడం రాదు. పొద్దుటి ప్యాసింజరు బండి ఊరు దాటగానే సుత్తె అందుకునేవాడు. బండి వేళకు వస్తే ప్రార్థనా వేళకే మొదలయ్యేది. బండి ఎక్కడో ఆగిపోయిందా, ఇక ప్రార్థన కూడా ఆగినట్టే. జనం ఉతికిన బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని, ఇళ్లల్లో బండి కూత కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు. చివరికి సంఘ పెద్దలు విసిగిపోయి చర్చి గోడకు గడియారం తగిలించి, సుత్తెను మా చిన్నతాత చేతికిచ్చారు. చిన్నతాత అంటే తాతకు స్వయానా తమ్ముడు. నెమ్మదస్తుడు, గడియారం చూడగలడు. ఈ మార్పు గురించి తాతకు ముందుగా చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఆ ఆదివారం తాత తెల్లపంచె కట్టుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని ఇంకా రైలు కోసం చూస్తుండగానే గంట మోగింది. చదవడం రాకపోయినా పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఆ పుస్తకాన్ని గౌరవంగా మోసేవాడు. పుస్తకంతో సహా పరుగున పోయి చూస్తే తమ్ముడి చేతిలో సుత్తె ఉంది. అప్పుడాయన గడప ముందు నిలబడి లోపలున్న అందరూ వినేలా ఒక మాట అన్నాడు.

“ఆ సుత్తె మళ్ల తెచ్చి నా చేతుల పెట్టి, తప్పయిందని అనాలె. గప్పటిదాక నేను ఈ గడప తొక్కను.”

పెద్దలు కూడా మనుషులే కదా, వాళ్లకూ రోషం వచ్చింది. గడియారం తగిలించడం తప్పెట్లా అవుతుందని వాళ్లు అడిగారు. ఇటు తాత దిగడు, అటు వాళ్లు దిగరు. అసలు విచిత్రం ఏమిటంటే, అంత మాట అన్న మనిషి తర్వాతి ఆదివారం ఇంట్లో కూర్చోలేకపోయాడు. మళ్లీ తెల్లపంచె కట్టుకుని చర్చి దాకా వచ్చి, గడపకు ఎదురుగా చెట్టు కింద ఉన్న బండ మీద కూర్చున్నాడు. లోపలికి పోలేడు, ఇంటికి పోలేడు. ఇంట్లోవాళ్లు ఒక్కరైనా తన దిక్కున ఉండాలని పట్టుబట్టాడు. మా నాయిన, అమ్మ, నాయినమ్మ నేలచూపులు చూస్తూ లోపలికి వెళ్లిపోయారు. అందరికన్నా చిన్నదాన్ని, ఎదురు చెప్పలేనిదాన్ని నేను దొరికాను.

ఆ బండ మీద ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. చర్చి కిటికీకి ఇనుప చువ్వలు ఉండేవి. వాటి సందులోంచి నా ఈడు పిల్లలు చాప మీద ఒకరినొకరు గిల్లుకుంటూ పాడడం కనిపించేది. చివర్లో వాళ్లకు పిప్పరమెంటు బిళ్లలు పంచేవాళ్లు. చుట్టూ గాలీ వెలుతురూ ఉన్నది నాకు, గోడల మధ్య ఉన్నది వాళ్లు. అయినా బందీని నేనే అనిపించేది. లేచి ఉరుకుదామంటే తాత నా వేలు గట్టిగా పట్టుకుని ఉండేవాడు. వాన పడితే ఇద్దరం ఒకే గొడుగు కింద ముడుచుకుని కూర్చునేవాళ్లం. ఎండ వస్తే చెట్టు నీడతో పాటు బండ మీద జరుగుతూ పోయేవాళ్లం. గంట మోగినప్పుడల్లా తాత ముఖం చిట్లించి, వాని దెబ్బల బలం లేదు, చేతులకు సత్తువ లేదని గొణిగేవాడు. లోపల పాట మొదలైతే మాత్రం ఆయన పెదాలు వాటంతటవే కదిలేవి. గొంతు బయటికి వచ్చేది కాదు. ఒకప్పుడు చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే.

ఇంట్లో కూడా ఆయనకు నెమ్మది లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచేవాడు. కంటికి కునుకు లేక మంచం మీద అటూ ఇటూ పొర్లేవాడు. అకారణంగా మేక మీద అరిచేవాడు, దూలం మీద అరిచేవాడు. ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారాల్లో ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం తీసుకోకుండా ఇంటికి వచ్చిన రోజున ఆయన జోలికి ఎవరం పోయేవాళ్లం కాదు. నాయినమ్మ ఒకసారి పొయ్యి దగ్గర మా అమ్మతో అంటుంటే విన్నాను. ఈ మనిషి ఇట్లనే బయట కూర్చుండి కూర్చుండి ఒకనాడు బయటనే పోతడేమో అని ఆమె భయం. ఏడుపును పొగ మీదికి నెట్టి కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి ఆ భయం నాకూ పట్టుకుంది. ఆయన కాస్త దగ్గినా నా గుండె గతుక్కుమనేది.

ఒక ఆదివారం లోపల అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. తాత ఉన్నట్టుండి నా వేలు వదిలి లేచాడు. మెల్లగా మెట్ల దాకా పోయాడు. చెప్పులు విడిచాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు కూడా. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంతలో లోపల ఎవరో పసిపిల్ల ఏడిస్తే, ఆ తల్లి వెనక్కి తిరిగి చూసింది. అంతే, తాత చటుక్కున వంగి, కాలిలో ముల్లు దిగినట్టు అరికాలు తడుముకోవడం మొదలుపెట్టాడు. లేని ముల్లును తీసి పారేసి, చెప్పులు తొడుక్కుని వచ్చి మళ్లీ బండ మీద కూర్చున్నాడు. పోదాం తాతా, ఎవరూ ఏమీ అనరు అన్నాను. ఆయన మళ్లీ నా వేలు పట్టుకున్నాడు.

“అందరు చూస్తరు బిడ్డా,” అన్నాడు.

అంత పెద్ద మనిషి, రైలు పట్టాలు భుజాన మోసిన మనిషి, నలుగురి చూపులకు అంత భయపడతాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నన్ను పట్టుకుని కూర్చున్నట్టే, ఆయన అన్న మాట ఆయనను పట్టుకుని కూర్చుంది. నాకు ఆయన మీద కోపం పోయి జాలి వేసింది.

కొంతకాలానికి మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. మా దిక్కు పాస్టరుగారిని అట్లాగే పిలుస్తారు. జనగామ దిక్కు మనిషి, బక్కపలచగా ఉండేవారు, సైకిలు మీద తిరిగేవారు. వచ్చిన వారమే మా బండ మీద కాస్త జరగమని కూర్చుని, తాతను పట్టాల పని గురించి అడిగారు. ఎండాకాలం ఇనుము ఎట్లా సాగుతుంది, సీలలు ఎట్లా బిగిస్తారు అని శ్రద్ధగా విన్నారు. లోపలికి రమ్మని మాత్రం అనలేదు. బతిమాలితే కాదనడానికి సిద్ధంగా ఉన్న తాతకు అది కొంచెం వెలితిగానే అనిపించినట్టుంది.

తర్వాత వచ్చిన సంస్కారం ఆదివారం పొద్దున చర్చికి జనమంతా వచ్చారు కానీ గంట మోగలేదు. గడియారం ప్రకారం వేళ దాటిపోయింది, అయినా మోగలేదు. తాత అనుమానంగా అటూ ఇటూ చూశాడు. ఆ రోజు ప్యాసింజరు బండి బాగా ఆలస్యంగా వచ్చింది. అది కూత వేసుకుంటూ ఊరు దాటగానే లోపల కలకలం వినిపించింది. చూస్తే అయ్యగారు ముందు, ఆయన నచ్చజెప్పగా దిగివచ్చిన పెద్దలు వెనుక, ఆ వెనుక మొత్తం సంఘం చాపలు చుట్టి చంకన పెట్టుకుని బయటికి వస్తున్నారు. వచ్చి మా బండ చుట్టూ ఎండలోనే చాపలు పరుచుకుని కూర్చున్నారు. సంస్కారపు బల్లను ఇద్దరు మోసుకొచ్చి మా ముందు పెట్టారు. చిన్నతాత సుత్తె తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. చిన్నతాత కళ్లు నిండి ఉన్నాయి.

“తప్పయింది అన్నా. బండి దాటింది, కొట్టు.”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తాత అడిగిందల్లా జరిగింది. సుత్తె వచ్చింది, తప్పయిందన్నారు, ఆయన రైలు కోసం ఊరంతా ఆగింది. ఇక నాకు విడుదలే అనుకుని సంబరంగా ఆయన ముఖంలోకి చూశాను. గెలిచిన మనిషి ముఖం అట్లా ఉంటుందని నేను అనుకోలేదు. సుత్తెను ఎటు పట్టుకోవాలో మరిచిపోయినట్టు చూస్తున్నాడు. ఎదురుగా ముసలమ్మలు కొంగులు నెత్తిన వేసుకుని కళ్లు చికిలిస్తున్నారు. పసిపిల్లలు ఎండకు ఏడుస్తున్నారు. అయ్యగారు ఆయన పక్కన వంగి మెల్లగా, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా అడిగారు.

“ఇంకేమన్న మిగిలిందా, పెద్దాయనా?”

తాత చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూశాడు. కోరినదంతా చేతికి వచ్చాక కూడా ఆయనకు కావలసింది రాలేదని, అది ఇచ్చే శక్తి ఆ చాపల మీద కూర్చున్నవాళ్లెవరికీ లేదని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటుంది. కాసేపటికి లేచి, సుత్తెను తిరిగి తమ్ముడి చేతిలో పెట్టాడు. నా వేలు వదిలేశాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, అందరూ చూస్తుండగానే ఖాళీ చర్చిలోకి వెళ్లిపోయాడు.

ఎవరో లేవబోతే అయ్యగారు చెయ్యి ఎత్తి ఆపారు. నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు. ఆయన పక్కనే కూర్చోవడం నాకు అలవాటైపోయింది కదా, వెనకాలే పోయాను. లోపల చాపలు లేని నేల బోసిగా ఉంది. తాత నడిమధ్యలో మోకాళ్ల మీద పడి, నుదురు నేలకు ఆనించాడు. ఆయన తల అంత కిందికి వంగడం నేనెప్పుడూ చూడలేదు. భుజాలు కదిలిపోతున్నాయి.

“అందరు వచ్చిన్రు ప్రభువా,” అన్నాడు. “నేనే రాలే. ఇగ నాతోని కాదు. నీ ఇష్టం.”

మెల్లగా భుజాలు నిలిచాయి. లేచి పంచె కొసతో ముఖం తుడుచుకుని, నన్ను చూసి, ఎప్పుడు వచ్చినవే అన్నట్టు నవ్వాడు. గడప మీదికి పోయి నిలబడ్డాడు. ఎండలో కూర్చున్న జనం ఆయన వైపే చూస్తున్నారు. ఈసారి ముల్లు కోసం వంగలేదు.

“లోపటికి రాండ్రి,” అన్నాడు. “ఎండ కొడ్తుంది.”

ఆ ఆదివారం మా చర్చిలో గంట కొట్టనేలేదు. జనం చాపలు చుట్టుకుని మా తాత పిలుపు మీదే లోపలికి నడిచారు. నాయినమ్మ ఆయన పక్కనుంచి పోతూ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. సంస్కారం తీసుకుని ఇంటికి వచ్చాక తాత కడుపునిండా అన్నం తిని, పట్టపగలు మంచం మీద నోరు తెరుచుకుని గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఆయన నిద్ర చెడుతుందని నాయినమ్మ మేకను కూడా పెరట్లోకి తోలింది. సుత్తె ఆయన మళ్లీ పట్టలేదు. తమ్ముడి దెబ్బల్లో బలం లేదని గొణగడం మాత్రం చివరిదాకా మానలేదు.

ఇప్పుడు నాకు తాత వయసు వచ్చింది. మానుకోటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. రోషం మా వంశంలో ధారాళంగా ఉంది, నాకూ అందింది. ఇంట్లో నా మాట సాగని రోజున ఇంటి ముందరి అరుగు గద్దె మీదికి పోయి, వాళ్లే వచ్చి పిలవాలని ముఖం తిప్పుకుని కూర్చుంటాను. కాసేపటికి నా కింద ఉన్నది గద్దె కాదు, ఆ బండ అని తెలిసిపోతుంది. వేలు పట్టుకుని ఆపేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ప్రభువా, మళ్లీ నేనే రాలేదు అనుకుంటాను. కోడలు పిలవడానికి బయటికి వచ్చేలోపే లేచి, చెప్పులు విడిచి, లోపలికి పోతాను.