ముప్పయ్యో వారంటీ

సోమయాజులుగారు వస్తువులు కొనరు. వారంటీలు కొంటారు. వస్తువు వాటి వెంట ఇంటికొస్తుంది.

ఈ రెండేళ్లలో తార్నాకలోని ఆ మూడు గదుల ఇంటికి నాలుగు ఇస్త్రీపెట్టెలు, మూడు కెటిళ్లు, జుట్టు లేని మనిషికి ఒక హెయిర్ డ్రయ్యరు వచ్చాయి. ప్రతిదానికీ కంపెనీ ఇచ్చే ఏడాది మీద ఇంకో మూడేళ్ల అదనపు వారంటీ.

"ఎందుకండీ ఇవన్నీ?" అంటుంది భార్య కాత్యాయని.

"పోతే?" అంటారాయన.

ఆమెకు మండేది అందుకు కాదు. ఆయన యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పారు. ఏటా పరీక్షలో ఒకే ప్రశ్న: అదనపు వారంటీ కొన్నవాడికి లాభమా, అమ్మినవాడికా? నిరూపించుము. భోజనాల బల్ల మీద ఆ పేపర్లు దిద్దుతూ, కొన్నవాడికి లాభమని రాసిన ప్రతివాడికీ సున్నా చుట్టిన మనిషి. రిటైరయ్యాక ఆ సున్నాలన్నీ తలకెక్కాయని ఆమె తేల్చుకుంది.

పైగా ఒక్క వారంటీ పనికొచ్చింది లేదు. మిక్సీ ఆగితే మెకానిక్ పరుశురాం వచ్చాడు.

"జార్ పోయింది సార్. వారంటీ మోటార్‌కే. మోటార్ మంచిగనే ఉన్నది."

ఆరు నెలలకు మోటారు పోయింది.

"లోపలికి నీళ్లు పోయినయ్ సార్. నీళ్లకు లేదు."

"మరి దేనికుందయ్యా?" అంది కాత్యాయని.

"ఖరాబ్ కాని వాటికి అమ్మా," అన్నాడతను, అబద్ధం చెప్పలేక.

సోమయాజులుగారు సంతోషంగా తలాడించారు. "చూశావా? క్లాసులో నేను చెప్పింది ఇదే."

మే ముప్పయ్యొకటిన ఫ్రిజ్ పోయింది. గ్యాస్ కారితే వర్తించదట. పాలు విరిగాయి. కాత్యాయని వారంటీ కాగితాలన్నీ సంచీలో కుక్కుకుని ఎండలో షోరూముకు నడిచింది. ఇవి అంటగట్టిన మనిషి ఉద్యోగం ఊడగొట్టాకే ఇంటికి రావాలనుకుంది.

అన్నిటి మీదా ఒకటే సంతకం.

"ఎవరమ్మా ఈ రాజశ్రీ?"

కౌంటరు వెనక నీలం టీషర్టు అమ్మాయి లేచి నిలబడింది. "నేనే మేడం. సార్ స్టూడెంట్‌ని. మీ ఇంట్ల పులిహోర తిన్న."

కాత్యాయనికి గుర్తొచ్చింది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్ల. వారంటీ ప్రశ్నకు ఇరవైకి ఇరవై తెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి.

"నువ్వు క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నావు కదమ్మా?"

"కాంట్రాక్టు అయిపోయింది, తీసేసిండ్రు మేడం. సార్‌కు చెప్పలే. కెటిల్ కొననీకి వచ్చి నన్ను గీడ చూసిండు." గొంతు తగ్గించింది. "నెలకు ముప్పై వారంటీలు అమ్మాలె. తక్కువైతే ఇంటికి పంపిస్తరు. ఆఖరి దినం సార్ వస్తడు, ఎన్నైనయ్ అంటడు. వద్దు సార్ అంటె వినడు. అప్పట్ల 'పీహెచ్‌డీ చెయ్యమ్మా, ఉద్యోగానికి నాది గ్యారంటీ' అన్నడు. గదే మనసుల పెట్టుకున్నడు."

"అయితే ఆ గ్యారంటీ కూడా పనిచెయ్యలేదన్నమాట."

"షరతులు వర్తిస్తయి కదా మేడం," అంది రాజశ్రీ.

ఇంతలో మేనేజరు వచ్చాడు. "మేడం, ఏమన్న కంప్లైంటా?"

రాజశ్రీ చూపు కాగితాల సంచీ మీద నిలిచిపోయింది.

"కంప్లైంటే," అంది కాత్యాయని. "ఇంత ఎండలో పడొచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వరా?"

అతను నీళ్లకు పరుగెత్తాడు. ఆమె కౌంటరు మీదికి వంగింది.

"ఈ నెల ఎన్నయ్యాయి?"

"ఇరవై తొమ్మిది."

ఆమె ఇల్లు చేరేసరికి సోమయాజులుగారు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నారు. ఆమె చంకలో అయిదో ఇస్త్రీపెట్టె ఉంది.

"ఇదెందుకూ?" అన్నారు అనుమానంగా.

"పోతే?" అంది కాత్యాయని. "చెప్పులు విప్పండి. ఈ నెల పని అయిపోయింది."